వంటింటికి తలుపు లేని ఇల్లు

దుబాయ్ సత్వాలో మేము అద్దెకున్న ఫ్లాట్‌లో వంటింటికి తలుపు ఉండేది. ఐదేళ్ళపాటు, అల్లుడు ఇంట్లో ఉన్నంతసేపూ నేను ఆ తలుపు వెనకే ఉండేదాన్ని. నన్నెవరో అక్కడ కూర్చోబెట్టారని అనుకోవద్దు. నా అంతట నేనే కూర్చున్నాను.

మా కడప పల్లెల్లో, మా తరం ఆడవాళ్ళం అల్లుడికి ఎదురుపడం, నేరుగా మాట్లాడం. మా అమ్మ నా భర్తతో ఒక్క మాటయినా మాట్లాడకుండానే కన్నుమూసింది. ఆయనంటే ఆమెకు ఇష్టం లేక కాదు. ఆయన వస్తున్నాడని తెలిస్తే తెల్లవారకముందే లేచి ఓళిగలకు పప్పు ఉడకేసేది. మాట మాత్రం వసారాలోని గుంజకు చెప్పేది. "ఎండన పడి వచ్చినారు. నీళ్ళు తొట్టికాడ పెట్టినా" అని ఆమె గుంజతో అంటే, ఆయన లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కునేవాడు. పెద్దరికం, మర్యాద అంటే మాకు అదే.

దుబాయ్‌లో గుంజ లేదు. ఫ్రిజ్ ఉంది.

"పెరుగు పైఅరలో ఉంది. ఎవురికన్నా కావల్లంటే తీసుకోవచ్చు" అని నేను ఫ్రిజ్‌తో చెప్పేదాన్ని. కాసేపటికి హాల్లోంచి అల్లుడు టీవీతో అనేవాడు, "రేపు బజారుకి పోయేవాళ్ళకి ఏం తేవాలో తెలిస్తే బాగుండు." నేను మళ్ళీ ఫ్రిజ్‌కు చెప్పేదాన్ని, "చింతపండు అయిపోయింది" అని. సాయంత్రానికి చింతపండు వచ్చేది.

అతనిది నెల్లూరు. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో, సముద్రం మీద సరుకులు పంపే ఒక డచ్చివాళ్ళ కంపెనీలో పని. మా అమ్మాయిది అదే కంపెనీలో లెక్కల పని. ఇద్దరూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోయి, చీకటి పడేవేళకు వచ్చేవారు. నా భర్త పోయిన ఏడాదే మా అమ్మాయికి కాన్పు వచ్చింది. పసిబిడ్డను చూసుకోవడానికి నన్ను పిలిపించుకున్నారు. నా వీసాకు కఫీల్ నా అల్లుడే. ఆ దేశంలో నా పూచీ మొత్తం మోసే మనిషితో నేను మాట్లాడను. ఇది తలుచుకుని పక్క ఫ్లాట్ హైదరాబాదామె పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

"క్యా ఖాలా, నీ దామాద్ ఏమన్న షేక్ సాబా? గాయన రాంగనే వంటింట్ల దాక్కుంటవ్!"

"దాక్కోలేదు. పని ఉంది" అనేదాన్ని.

"అవ్ అవ్. ఐదేండ్ల సంది ఒక్కటే ఉల్లిగడ్డ కోస్తున్నవ్."

మనవరాలికి మాటలు వచ్చాక ఫ్రిజ్‌కు కొంత విశ్రాంతి దొరికింది. "పాపా, మీ నాయనను కూర కారమైతే పెరుగేసుకోమను" అని చెప్పి పంపితే, ఆ పిల్ల హాల్లోకి పరిగెత్తి, "నాన్నా, నీకు కారం ఎక్కువంట!" అని అరిచి వచ్చేది. మాటకొక చాక్లెట్. పళ్ళు పుచ్చిపోతాయని మా అమ్మాయి తిట్టేది. "అయితే మీరిద్దరూ మాట్లాడుకోండి. అప్పుడు దీనికి చాక్లెట్లు ఉండవు" అనేది. మేమిద్దరం వినపడనట్టు ఉండేవాళ్ళం.

ఆ తలుపు దగ్గరే నేను అక్షరాలు నేర్చుకున్నాను. అల్లుడు ఒకసారి నెల్లూరు నుంచి వస్తూ బొమ్మల అక్షరాల పటం తెచ్చాడు. పాపకని అన్నాడు. తెచ్చినవాడు దాన్ని హాల్లో కాకుండా వంటింటి తలుపుకు లోపలివైపు అంటించాడు. అదీ నా తలంత ఎత్తున. 'పిచ్చిమారాజు, బిడ్డకు అందేచోట అంటించాలని కూడా తెలియదు' అనుకున్నాను. మా అమ్మాయి పాపను నడుముకెత్తుకుని ఒక్కో అక్షరం చూపిస్తుంటే, బియ్యం ఏరుకుంటూ నేనూ పలికేదాన్ని. పాప రెండు రోజులకే విసుగుపడి బొమ్మల టీవీకి పోయింది. నేను పోలేదు. ఎక్కడికి పోతాను, ఉండేదే అక్కడ! యాభై దాటిన వయసులో, కుక్కర్ కూతల మధ్య, ఆ పటంలోని అమ్మ నుంచి క్షత్రియుడి వరకు అందరినీ పేరుపేరునా గుర్తుపట్టాను. కొన్నాళ్ళకు ఊరి నుంచి సామాన్లు చుట్టుకొచ్చిన పాత తెలుగు పేపర్లు చదవసాగాను.

రెండు వేల ఎనిమిదిలో మా సందులో ఇళ్ళ గోడలకు పచ్చరంగుతో నంబర్లు వేశారు. పాత ఇళ్ళన్నీ కూలగొడతారని చెప్పుకున్నారు. అదే వేసవిలో కంపెనీవాళ్ళు మా అమ్మాయినీ అల్లుడినీ హాలెండ్‌లోని పెద్దాఫీసుకు రమ్మన్నారు. మా అమ్మాయి ముందుగా ఒక వారం పని మీద వెళ్ళింది. ఆఫీసు అయ్యాక సాయంత్రాలు కొనేందుకు ఇళ్ళు చూసేది.

నాకు అక్కడ ఎప్పుడూ ఉండేందుకు వీసా రాదు. మూడు నెలలు వాళ్ళ దగ్గర, మూడు నెలలు మా ఊళ్ళో, అట్లా వస్తూ పోతూ ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. పాపను బడి నుంచి తెచ్చి అన్నం పెట్టేందుకు నేను ఉంటే, ఆ నెలల్లోనన్నా ఇద్దరూ నిశ్చింతగా ఉద్యోగం చేసుకోగలరు. నాకు మాత్రం పాప లేని మూడు నెలలు ఎట్లా గడుస్తాయన్నదే దిగులు. అందుచేత ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో నాకూ ఆత్రంగానే ఉండింది.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. మా ఇంట్లో ఫోన్‌కూ ఒక పద్ధతి ఉంది. అల్లుడు మాట్లాడటం అయ్యాక ఫోన్‌ను వంటింటి గుమ్మం దగ్గరున్న స్టూలు మీద పెట్టి పక్కకు వెళ్ళేవాడు. అప్పుడు నేను చెయ్యి చాపి తీసుకునేదాన్ని.

"అమ్మా, ఇల్లు దొరికింది!" మా అమ్మాయి గొంతు ఎగిరిపడుతోంది. "చిన్న పల్లెటూరు. మూడు వీధులు, ఒక కాలవ, ఒక రొట్టెల అంగడి. అంతే. ఒక్క కారు పోతే ఊరంతా కిటికీలోంచి చూస్తాది."

"మన ఊరి కన్నా చిన్నదా?"

"చిన్నదే. శుభ్రంగా ఉంది. బాతులు తప్ప ఎవరూ అరవరు. కింద ఒక గది ఉంది, నీకు. కిటికీ తెరిస్తే కాలవే. మెట్లు మాత్రం మన అటక మెట్ల మాదిరి నిటారుగా ఉన్నాయి, నువ్వు ఎక్కే పని లేదులే. ఇక్కడ సంతకం పెట్టినాక కూడా మూడు రోజులు టైమిస్తారు. మనసు మారితే వద్దని చెప్పచ్చు. అందుకే పెట్టేసినా. నువ్వు ఫోటోలు చూసి చెప్పల్ల."

అల్లుడు ఆఫీసులో ఆ ఫోటోలు పెద్దవిగా ప్రింటు తీయించి తెచ్చి, ఫ్రిజ్‌కు అయస్కాంతాలతో తగిలించాడు. నాకు చెప్పాల్సినవి అతను కూడా ఫ్రిజ్‌కే చెప్పడం నేర్చాడు.

అతను స్నానానికి పోయినప్పుడు చూశాను. ఎర్ర ఇటుకల ఇల్లు. ముందర గులాబీ చెట్టు. నా గది నిజంగానే బాగుంది. తర్వాత హాలు ఫోటో. వీధివైపు గోడంత కిటికీ, పెరటివైపు గోడంత కిటికీ. మధ్యలో అడ్డం లేదు. ఒకవైపు నుంచి వచ్చిన ఎండ చెక్కనేల మీద పడి, రెండోవైపు దాకా సాగి ఉంది. ఫోటో తీసిన మా అమ్మాయి నీడ, చేతులు పైకెత్తి, ఆ ఎండలో పొడుగ్గా పడింది. పెరటి కిటికీ పక్కనే పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి. వంటిల్లు ఎక్కడా అని మళ్ళీ వెతికాను. అదే వంటిల్లు. హాల్లోనే ఉంది. గోడ లేదు, తలుపు లేదు.



సత్వాలో మా కింద టైలరు మిషన్లు, ఎదురుగా టీ అంగడి, సందులో హారన్లు. ఆ మోతలో మేమిద్దరం మాట్లాడుకోకపోవడం ఎవరికీ వినపడేది కాదు, మాకు కూడా. బాతులు తప్ప ఎవరూ అరవని ఊళ్ళో, పాప బడికీ మా అమ్మాయి ఆఫీసుకూ పోయాక, అల్లుడికి సెలవు వచ్చిన రోజున ఆ ఒక్క గదిలో ఇద్దరమే. అతను సోఫాలో, నేను పొయ్యి ముందర. నేనెక్కడ నిలబడాలి? అతను ఎటు చూడాలి?

మరునాడు ఫోన్‌లో మా అమ్మాయితో అన్నాను. "వంటింటికి తలుపు లేదే."

"ఓ, అదా! తిరగమాత వాసన ఇల్లంతా పోతుందనా?"

"ఆఁ, అదే" అన్నాను. ఇంకేం చెప్పను!

"పొగ లాగే మిషన్ పెట్టిస్తాంలే అమ్మా."

"అది కాదులే. మీరు పొండి. నేను ఊళ్ళో ఉంటా. ఈ వయసులో నాకు ఆ చలిదేశం ఎందుకు?"

మా అమ్మాయి అంది, "నీ గది చూసే కదా నేను సంతకం పెట్టింది. నువ్వు రానంటే ఈ ఇల్లు నాకెందుకు? ఆఫీసున్న సిటీ మధ్యలో ఏదన్నా అపార్ట్‌మెంట్ తీసుకుంటాం. పాపను ఏడాదంతా సాయంత్రం దాకా ఎక్కడన్నా వదులుతాం." కోపంగా అనలేదు. అలిసిపోయి అంది. శుక్రవారం సాయంత్రంలోగా ఆ ఇల్లు కావాలో వద్దో చెప్పాలంది.

పక్కింటామె ఆ మధ్యాహ్నం వచ్చి, నేను ఫోన్ సంగతి చెబితే విని, ఫ్రిజ్ ముందు నిలబడి ఫోటోలన్నీ చూసింది. హాలు ఫోటో దగ్గర ఆగింది. నావైపు తిరిగి కళ్ళు చిట్లించింది.

"వాసన గీసన కాదు ఖాలా. దామాద్ కండ్ల ముంగట నిలవడనీకె నీకు శరం."

"సిగ్గు కాదు. పద్ధతి."

"నీ పద్ధతి కోసం బిడ్డ ఇల్లు ఇడిసిపెట్టాల్నా? అల్లా!" అంది. నేనిచ్చిన టీ తాగకుండానే లేచింది. టీ వదిలిపెట్టే మనిషి కాదు. అంటే నిజంగానే కోపం వచ్చిందన్నమాట.

శుక్రవారం వచ్చింది. అల్లుడికి సెలవు. అన్నం తిన్నాక హాల్లో కింద కూర్చుని ఏదో గీస్తున్నాడు. నేను తలుపు వెనక ముక్కాలిపీట మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి అతని వీపు, స్కేలు పట్టుకున్న చెయ్యి కనపడుతున్నాయి. పాప పక్కన బోర్లా పడుకుని బొమ్మల టీవీ చూస్తోంది.

"నాన్నా, ఏం గీస్తుండావ్?"

"గోడ."

"ఎవరికి?"

"అమ్మమ్మకి. ఆ కొత్తింట్లో లేదు కదా."

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. నేను వాసన అని చెప్పాను. మా అమ్మాయి వాసన అనే నమ్మింది. ఇతను నమ్మలేదు.

గీయడం అయ్యాక కాగితాన్ని పాపకిచ్చి, "లోపల ఇచ్చిరా" అన్నాడు. పాప టీవీ మీంచి చూపు తిప్పకుండానే వెనక్కి నడుస్తూ వచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఇది నీ గోడ."

హాలు ఫోటోయే. దాని మీద పెన్సిల్‌తో, పొయ్యికీ సోఫాకూ మధ్య నేల నుంచి కప్పు దాకా గోడ గీశాడు. గోడకు తలుపు గీశాడు. తలుపు పక్కన, మనిషి కూర్చుంటే కళ్ళకు సరిపోయే ఎత్తులో, చిన్న చదరం ఒకటి గీశాడు.

"ఇదేంది?" అన్నాను.

"కిటికీ. నువ్వు సీరియల్ చూడ్డానికి. ఇక్కడ తలుపు సందులోంచి చూస్తావు కదా, నీకు మెడనొప్పి వస్తుందంట."

ఐదేళ్ళుగా ఆ సందులోంచి నేను సీరియల్ చూస్తున్నట్టు ఎవరికీ తెలియదనుకున్నాను. రాత్రి ఎనిమిదికి అతను వార్తలు మార్చి ఆ ఛానెల్ ఎందుకు పెడతాడో, పెట్టి తాను పేపరెందుకు చదువుకుంటాడో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మగవాడికి సీరియళ్ళ పిచ్చేమిటని మాత్రం ఒకసారి అనుకున్నాను.

హాల్లోంచి టీవీతో అంటున్నాడు. "గోడ కట్టేవాడు దొరుకుతాడంట. ఎండ కొంచెం తగ్గుద్ది. అయినా ఏం పర్లేదు. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఉండాల."

కాగితం మళ్ళీ చూశాను. పెన్సిల్ గోడ సరిగ్గా ఎండ మీద నిలబడింది. మా అమ్మాయి నీడను వీపు దగ్గర రెండుగా కోసింది. చేతులెత్తిన సగం ఇటు, కాళ్ళు అటు. ఆ గోడ కడితే వీధి కిటికీలోంచి వచ్చే వెలుతురు హాల్లోనే ఆగిపోతుంది. ఆ దేశంలో ఎండ కోసం మనుషులు కుర్చీలు బయటికి ఈడ్చుకుపోతారని మా అమ్మాయి చెప్పింది. ఆ ఎండ చూసే కదా అది ఫోన్‌లో అట్లా ఎగిరింది!

"పాపా" అన్నాను. "మీ నాయనకు చెప్పు, గోడ వద్దని."

పాప అప్పటికే టీవీ ముందుకు పోయింది. "నువ్వే చెప్పు."

"చాక్లెట్ ఇస్తా, చెప్పు."

"బొమ్మ వస్తోంది అమ్మమ్మా! నాన్న ఇక్కడే ఉన్నాడు కదా. నువ్వే చెప్పు."

నేను లేచాను. చిక్కుడుకాయలు నేల మీద పడ్డాయి. తలుపు తీశాను. కొంగు తల మీదికి లాక్కున్నాను, అంత మాత్రం చేశాను. గుమ్మం దాటి హాల్లోకి వచ్చి కాగితం ముందుకు చాపాను.

"నాయనా, ఆ గోడ వద్దు."

గొంతు నాదేనా అనిపించింది. అల్లుడు గబుక్కున లేచి నిలబడ్డాడు. పెన్సిల్ దొర్లుకుంటూ సోఫా కిందికి పోయింది. కింద టైలరు మిషన్లు టకటకమంటూనే ఉన్నాయి.

"సరే అత్తా" అన్నాడు.

అతను కాగితాన్ని మడిచాడు, విప్పాడు. నేను టీవీలో బొమ్మను చూశాను. ఒక పిల్లి ఎలుకను తరుముతోంది. చివరికి, "టీ పెడతా" అన్నాను. "పెట్టండి" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. తలుపు వెయ్యలేదు. పాలు పొంగేదాకా వీపు మండుతున్నట్టే ఉంది. రెండు గ్లాసులు తీసుకుని మళ్ళీ హాల్లోకే వచ్చి, సోఫా మీద కాదు, చాప మీద కూర్చున్నాను. అతనూ కిందే కూర్చున్నాడు. మొదటి గుక్క తాగాక ఒళ్ళంతా తేలికైంది. జాతరలో తప్పిన బిడ్డ దొరికితే ఉంటుందే, అట్లాంటి తేలిక.

"ఆ పటం" అన్నాను. "అక్షరాలది. అంత ఎత్తున ఎందుకు అంటించినారు? పాపకు అందదు కదా."

అతను గ్లాసులోకి చూస్తూ, "పాపకని తేలా అత్తా" అన్నాడు. "మీకు ఎట్టా చెప్పాలో తెలీలా."

సాయంత్రం ఫోన్ మోగింది. అల్లుడు మాట్లాడి, అలవాటుగా స్టూలువైపు రెండడుగులు వేశాడు. ఆగి, వెనక్కి తిరిగి ఫోన్ నాకు అందించాడు. నేను అందుకున్నాను.

"అమ్మా, ఏం చేద్దాం చెప్పు. వాళ్ళు అడుగుతున్నారు" అంది మా అమ్మాయి. ఇల్లు వదులుకోవడానికి సిద్ధమైన గొంతు అది.

"కొనండి. నేను వస్తా. ఆ చలిదేశానికి నాకు మందపాటి స్వెట్టరు కొనల్ల."

"మరి వంటింటి తలుపు?"

"తలుపెందుకు? ఎండ పోతాది."

అది నెమ్మదిగా అడిగింది. "అమ్మా, ఆయన ఫోన్ స్టూలు మీద పెట్టినాడా?"

"లేదు. చేతికే ఇచ్చినాడు."

మా అమ్మాయి పెట్టిన కేక పక్కింటికి వినిపించినట్టుంది. హైదరాబాదామె వచ్చి గుమ్మంలో నిలబడి, చాప మీదున్న రెండు టీ గ్లాసులు చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఆఖిర్‌కి ఉల్లిగడ్డ కోసుడు అయిపోయిందా ఖాలా?" అంది. ఆ రోజు మా ఇంట్లో టీ రెండుసార్లు తాగింది. నష్టపోయింది పాప ఒక్కతే. "అయితే ఇంక నాకు చాక్లెట్ ఖలాసా?" అని రాత్రి భోజనం దాకా మూతి ముడుచుకుంది.

సామాన్లు సర్దే రోజు అల్లుడు తడిగుడ్డతో మెల్లగా అద్ది, తలుపుకున్న పటాన్ని చిరగకుండా ఊడదీశాడు. దాన్ని చుట్ట చుడుతూ అడిగాడు.

"అక్కడ దీన్ని ఎక్కడ అంటిద్దాం అత్తా?"

"తలుపే లేదు కదా నాయనా."

"ఫ్రిజ్ ఉంటుంది గదా. దాని మీద పెడదాం. మీకు దాంతోనే కదా మొదటినుంచీ స్నేహం."

నేను ఫ్రిజ్‌వైపు తిరిగాను.

"ఈయన నోరు చూసినావా?" అన్నాను దానితో.